పళ్లకు క్లిప్పులు వేయిస్తున్నారా? ముందు ముఖం సంగతి అడగండి!

“పిల్ల బాగుంది, చదువు బాగుంది.. పళ్లే కొంచెం ఎత్తు.” పెళ్లి చూపులు అయ్యాక మధ్యవర్తి చెప్పే ఈ ఒక్క మాట చాలు. మర్నాడే అమ్మాయిని తీసుకుని తల్లి డెంటల్ క్లినిక్‌కి వెళ్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు ఇది చాలా ఇళ్లలో మామూలే. అబ్బాయిలు కూడా తక్కువేం కాదు. ఉద్యోగం వచ్చాక మొదటి జీతాలతో క్లిప్పులు వేయించుకుంటున్న కుర్రాళ్లు ఎందరో.

క్లినిక్‌లో అడిగేది ఒకటే ప్రశ్న.. “పళ్లు లోపలికి వెళ్తాయా, వెళ్లవా?” వెళ్తాయి. కానీ పళ్లు లోపలికి వెళ్తే వాటి మీద ఆనుకుని ఉన్న పెదవులు కూడా కదులుతాయి. పెదవులు కదిలితే ముక్కు, గడ్డం కనిపించే తీరు మారుతుంది. అంటే క్లిప్పులు వేసేది పళ్లకైనా, మారేది ముఖం. మరి ఆ ముఖం ఎలా ఉండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? డాక్టరా? అమ్మా నాన్నలా? పెళ్లివారా? లేక క్లిప్పులు పెట్టుకునే ఆ పిల్లా? ఈ ప్రశ్నకు జవాబు తేలకుండానే చాలామంది విషయంలో మంచి పళ్లు పీకేయడం కూడా అయిపోతోంది.

ఒకప్పుడు శ్రీకాకుళం పేరు అంతర్జాతీయ వైద్య పత్రికల్లో వచ్చింది అడ్డచుట్ట వల్ల. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు అది. ఈ జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి, అంగిట్లో వచ్చే మచ్చలు, పుండ్ల మీద చేసిన అధ్యయనం 1971లో వెలువడింది. అప్పుడు డాక్టర్లు నోరు తెరిపించింది క్యాన్సర్ భయంతో. ఆ పల్లెల మనవరాళ్లు ఇవాళ నోరు తెరుస్తున్నది నవ్వు కోసం. మార్పు మంచిదే. అయితే కొన్ని విషయాలు తెలుసుకుని తెరిస్తే ఇంకా మంచిది.

అసలు డాక్టర్ ఏం చూస్తారు?

పళ్ల వరస సరిచేసే స్పెషలిస్టును ఆర్థోడాంటిస్ట్ అంటారు. బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఎండీఎస్ చేసినవాళ్లు వీళ్లు. క్లిప్పులు వేసే ముందు వీళ్లు పళ్ల అచ్చులు తీసుకుంటారు, లేదంటే స్కాన్ చేస్తారు. పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే ఒకటి, తలను పక్కనుంచి తీసే ఎక్స్‌రే ఒకటి తీస్తారు. ఆ రెండోదాన్నే సెఫలోగ్రామ్ అంటారు. ముఖానికి ఎదురుగా, పక్కనుంచి, నవ్వుతూ, నవ్వకుండా ఫొటోలు తీస్తారు.

ఆ పక్క ఎక్స్‌రే మీద గీతలు గీసి కోణాలు కొలుస్తారు. పై దవడ ఎంత ముందుకుంది, కింది దవడ ఎంత వెనక్కుంది, ముందు పళ్లు ఎంత వాలి ఉన్నాయి.. అన్నీ అంకెల్లో వస్తాయి. ఆ అంకెల్ని ‘నార్మల్’ అంకెలతో పోల్చి చికిత్స ప్లాన్ వేస్తారు. ఎన్ని పళ్లు తీయాలి, అసలు తీయాలా వద్దా అన్నది ఇక్కడే తేలుతుంది.

ఫొటోలు తీయకుండా, పక్క ఎక్స్‌రే లేకుండా, కుర్చీలో కూర్చోబెట్టి ఐదు నిమిషాలు చూసి “నాలుగు పళ్లు తీసేద్దాం” అంటే మాత్రం ఒక్క క్షణం ఆగాలి.

ఎత్తు పళ్లు ఒకటే.. కారణాలు వేరు

“ఏటి డాక్టర్ గారూ, మా పిల్ల నవ్వితే పళ్లే కనిపిస్తున్నాయి” అని నలుగురు తల్లులు ఒకే మాట చెప్పొచ్చు. కానీ నలుగురు పిల్లల సమస్యా ఒకటి కాకపోవచ్చు.

మొదటి పిల్లకు నిజంగానే పై పళ్లు ముందుకు వాలి ఉండొచ్చు. చిన్నప్పుడు బొటనవేలు చీకిన అలవాటు కూడా ఇందుకు ఒక కారణం. రెండో పిల్లకు పై పళ్లు ఉండాల్సిన చోటే ఉంటాయి, కింది దవడే వెనక్కి ఉంటుంది. గడ్డం చిన్నగా ఉండటంతో పళ్లు ఎత్తుగా కనిపిస్తాయి. మూడో పిల్లకు పైనా కిందా రెండు వరసలూ ముందుకు ఉంటాయి. నాలుగో పిల్లకు పళ్లది తప్పే కాదు, పై పెదవి పొట్టిది. అందుకే నవ్వితే చిగుళ్లు బయటపడతాయి.

మొదటి పిల్లకు, మూడో పిల్లకు పళ్లు వెనక్కి జరిపితే ముఖం బాగుపడుతుంది. రెండో పిల్లకు అదే చికిత్స చేస్తే? వెనక్కి ఉన్న గడ్డానికి సరిపోయేలా పై పళ్లను కూడా వెనక్కి లాగినట్టు అవుతుంది. పై పెదవి చదునుగా మారి, ముక్కు పెద్దదిగా కనిపించే ప్రమాదం ఉంది. పళ్లు మాత్రం వరసగా, ముత్యాల్లా ఉంటాయి. అద్దంలో ఎదురుగా చూస్తే అంతా బాగానే ఉంటుంది, పక్కనుంచి తీసిన పెళ్లి ఫొటోలో తేడా బయటపడుతుంది.

ముందు పళ్లు ఎంత వెనక్కి జరిగితే పెదవి కూడా అంతే జరుగుతుందని అనుకోకూడదు. పెదవి సాధారణంగా అంతకంటే తక్కువే జరుగుతుంది. ఎంతన్నది పెదవి మందాన్ని బట్టి మనిషి మనిషికీ మారుతుంది. అందుకే కంప్యూటర్‌లో చూపించే ‘చికిత్స తర్వాత’ బొమ్మ ఒక అంచనా మాత్రమే, గ్యారంటీ కాదు.

ఈ కొలతలు ఎవరి ముఖం నుంచి వచ్చాయి?

అసలు కథ ఇక్కడే ఉంది. డాక్టర్లు వాడే ‘నార్మల్’ అంకెల్లో చాలావాటికి పుట్టిల్లు అమెరికా. 1948లో డౌన్స్ అనే డాక్టర్ ప్రచురించిన కొలతలు ఇప్పటికీ డెంటల్ కాలేజీల్లో పాఠంగా ఉన్నాయి. అందుకోసం ఆయన తీసుకున్నది 20 మంది తెల్లజాతి పిల్లల్ని. వయసు 12 నుంచి 17 ఏళ్లు. అందరికీ పళ్లు చక్కగా కుదిరినవాళ్లే.

రికెట్స్ గీత అని ఇంకోటి ఉంది. ముక్కు కొస నుంచి గడ్డం దాకా ఓ గీత గీస్తారు. తెల్లజాతి పెద్దవాళ్లలో కింది పెదవి ఆ గీతకు సుమారు 2 మిల్లీమీటర్లు లోపల ఉంటే బాగున్నట్టు లెక్క. మన ముఖాలకు అదే గీత పెడితే ఏమవుతుంది? దక్షిణ భారతీయుల మీద చేసిన కొలతల్లో పళ్లు కొంచెం ముందుకు, పెదవులు నిండుగా ఉండటం తరచూ కనిపించే విషయం. అంటే మన ఊళ్లో చక్కని ముఖం అనిపించుకునే పిల్ల కూడా ఆ గీత ముందు ‘తేడా’గా కనిపించవచ్చు. ఆ అంకెను పట్టుకుని పళ్లు వెనక్కి లాగితే ఇంట్లో ఎవరి పోలికా లేని ముఖం వస్తుంది.

ఈ ఇబ్బంది తెలిసే మన దేశంలో వివిధ ప్రాంతాల వారికి వేరుగా కొలతలు తయారు చేసుకునే పని చాలా ఏళ్లుగా జరుగుతోంది. అలాగని అమెరికా అంకెలు పనికిరావని కాదు. అవి దారి చూపే గుర్తులు. గమ్యం మాత్రం ఎదురుగా కూర్చున్న పేషెంట్ ముఖమే. ఇప్పుడు ఆర్థోడాంటిక్స్‌లో చెబుతున్నది కూడా ఇదే.. ముందు పెదవులు, నవ్వు, ముఖం ఎలా ఉండాలో నిర్ణయించుకోండి, దానికి తగ్గట్టు పళ్లు ఎక్కడ పెట్టాలో ఆలోచించండి. వెనకటి పద్ధతి దీనికి తిరగేసి ఉండేది. పళ్లు కుదిరితే ముఖం దానంతట అదే కుదురుతుందని నమ్మేవారు.

పన్ను తీయాలా, వద్దా? వందేళ్ల గొడవ

ఆర్థోడాంటిక్స్‌కు ఆద్యుడిగా చెప్పే ఎడ్వర్డ్ యాంగిల్ పన్ను తీయడానికి ఒప్పుకునేవాడు కాదు. దేవుడిచ్చిన పళ్లన్నీ వరసలో కుదిరితేనే ముఖం అందంగా ఉంటుందన్నది ఆయన వాదన. మొదట్లో ఆయనకు అందానికి కొలమానం అపోలో అనే గ్రీకు దేవుడి విగ్రహం. తర్వాత వుర్పెల్ అనే చిత్రకారుడితో చర్చించాడు. అందానికి ఒకే సూత్రం ఉండదని ఆ కళాకారుడు చెప్పాడు. యాంగిల్ ఆ మాట ఒప్పుకున్నా, పళ్లన్నీ ఉంటే ఎవరి అందం వాళ్లకు వస్తుందని సర్దుకున్నాడు.

కాల్విన్ కేస్ అనే డాక్టర్ దీన్ని ఎదిరించాడు. కొందరికి పళ్లు తీయకుండా వరస కుదిర్చితే నోరు ముందుకు పొడుచుకొస్తుందని వాదించాడు. 1911లో ఈ గొడవ డాక్టర్ల సభలోనే పెద్ద చర్చ అయింది. తర్వాత యాంగిల్ శిష్యుడే అయిన చార్లెస్ ట్వీడ్, పళ్లు తీయకుండా చికిత్స చేసిన తన పేషెంట్ల ముఖాలు నచ్చక, వాళ్లకే మళ్లీ పళ్లు తీసి చికిత్స చేశాడు. 1940ల నుంచి పళ్లు తీయడం మామూలైపోయింది. మళ్లీ కొన్ని దశాబ్దాలకు గాలి అటు తిరిగింది.. “ముఖాలు లోపలికి పోతున్నాయి, తీయొద్దు” అన్నారు.

ఇప్పటి మాట ఏమిటి? పన్ను తీస్తే ముఖం పాడవుతుందన్నది నిజం కాదు. తీయకపోతే అంతా బాగుంటుందన్నదీ నిజం కాదు. పళ్లు బాగా ఇరుక్కుని, పెదవులు మూసుకోవడానికి కష్టపడే పిల్లకు నాలుగు చిన్న దవడ పళ్లు తీయడం వల్ల ముఖం ఎంతో మెరుగవుతుంది. పెదవులు పల్చగా, ముక్కు పొడుగ్గా ఉన్న పిల్లకు అదే పని చేస్తే పశ్చాత్తాపం మిగలొచ్చు. ఇంకో విషయం.. వయసు పెరిగేకొద్దీ పెదవులు పల్చబడతాయి. 16 ఏళ్లప్పుడు కొంచెం నిండుగా ఉన్న నోరు 45 ఏళ్లకు వరం కావచ్చు. పెళ్లి చూపులు ఒక్కరోజే, ముఖం జీవితాంతం ఉంటుంది.

డాక్టర్ కన్ను వేరు.. ఇంట్లోవాళ్ల కన్ను వేరు

అమెరికాలో కోకిచ్ అనే ఆర్థోడాంటిస్ట్ బృందం 1999లో ఒక ఆసక్తికరమైన అధ్యయనం ప్రచురించింది. నవ్వుతున్న ఫొటోల్లో కొద్దికొద్దిగా మార్పులు చేసి ఆర్థోడాంటిస్టులకు, మామూలు డెంటిస్టులకు, సాధారణ జనానికి చూపించారు. పై పళ్ల మధ్య గీత 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ఆర్థోడాంటిస్టులు పట్టేశారు. మిగతావాళ్లకు అంత జరిగినా తేడా తెలియలేదు. నవ్వినప్పుడు చిగురు 2 మిల్లీమీటర్లు కనిపిస్తేనే ఆర్థోడాంటిస్టులకు నచ్చలేదు. సామాన్యులకు 4 మిల్లీమీటర్ల దాకా ఇబ్బంది అనిపించలేదు.

దీని అర్థం డాక్టర్ల చూపు తప్పు అని కాదు. వాళ్లకు కనిపించే లోపం మనకు కనిపించకపోవచ్చు, మనల్ని బాధపెట్టే లోపం వాళ్లకు చిన్నదిగా అనిపించవచ్చు. ఒక అమ్మాయికి ఒకే ఒక్క కోరపన్ను బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆమె బాధంతా దానిమీదే. డాక్టర్ దృష్టి దవడ కోణం మీద ఉంటుంది. ఇద్దరూ మాట్లాడుకోకపోతే రెండేళ్ల చికిత్స అయ్యాక డాక్టర్ “బ్రహ్మాండంగా వచ్చింది” అంటారు, అమ్మాయి మొహం మాడ్చుకుంటుంది.

ఊళ్లో ఇంకో చూపు కూడా ఉంది. ముందు పళ్ల మధ్య సందు ఉంటే అదృష్టమని, పన్ను మీద పన్ను ఉంటే కలిసొస్తుందని నమ్మే పెద్దవాళ్లు ఉన్నారు. మనవరాలు సందు మూయించుకుంటానంటే “ఉండనీ, దానికేటైంది” అనే నాయనమ్మలూ ఉన్నారు. దీన్ని తీసిపారేయక్కర్లేదు. సందు వల్ల తినడానికి, మాట్లాడటానికి ఇబ్బంది లేకపోతే, చిగుళ్లు బాగుంటే, ఆ పిల్లకు ఇష్టమైతే దాన్ని అలాగే వదిలేయడం కూడా ఒక మంచి నిర్ణయమే.

బ్రిటన్‌లో ఈ తగవుకు ఒక దారి వెతికారు. 1989 నుంచి అక్కడ ఒక సూచిక ఉంది. అందులో రెండు భాగాలు. పళ్ల ఆరోగ్యానికి 5 గ్రేడ్లు, అందానికి 10 ఫొటోలు. ప్రభుత్వ ఖర్చుతో పిల్లలకు క్లిప్పులు వేయాలంటే ఆరోగ్య గ్రేడ్ 4 లేదా 5 ఉండాలి. గ్రేడ్ 3 అయితే ఫొటోల స్కేలు మీద కనీసం 6 రావాలి. అంటే ఆరోగ్యం సంగతి ముందు, అందం సంగతి తర్వాత. మన దగ్గర ఈ చీటీ ఎవరూ ఇవ్వరు కాబట్టి ఆ రెంటినీ విడదీసి అడగాల్సింది మనమే.

ఆర్మీకి వెళ్లాలనుకునే కుర్రాళ్లు ఇది చూడండి

ఉత్తరాంధ్ర పల్లెల్లో తెల్లారకముందే రోడ్ల మీద పరుగు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. లక్ష్యం ఆర్మీ. అక్కడ మెడికల్ టెస్టులో పళ్లకు కూడా లెక్క ఉంది. అన్ని పళ్లూ బాగుంటే 22 డెంటల్ పాయింట్లు. సెలెక్ట్ కావాలంటే కనీసం 14 ఉండాలి. పైపన్ను, కిందిపన్ను కలిసి నమిలే జతను బట్టి పాయింట్ ఇస్తారు. అందంతో పని లేదు, నమలడంతోనే పని.

క్లిప్పుల కోసం పైనా కిందా చిన్న దవడ పళ్లు నాలుగు తీస్తే 2 పాయింట్లు తగ్గుతాయి. మిగతా పళ్లు గట్టిగా ఉంటే దీనివల్ల భయం లేదు. కానీ అప్పటికే పెద్ద దవడ పళ్లు పుచ్చి పీకించుకున్న కుర్రాడికి ఆ 2 పాయింట్లు కూడా విలువైనవే. కాబట్టి సెలక్షన్లకు వెళ్లే ఆలోచన ఉంటే ఆ మాట డాక్టర్‌కు మొదటిరోజే చెప్పాలి.

ఎప్పుడు తీసుకెళ్లాలి?

మన దగ్గర పెద్ద చిక్కు ఇదే. పళ్ల సంగతి గుర్తొచ్చేది పెళ్లి వయసులో. కింది దవడ వెనక్కి ఉన్న పిల్లలకు ఎదిగే వయసులో, అంటే దాదాపు పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య, తీసి పెట్టుకునే పరికరాలతో దవడను ముందుకు ఉంచేలా చికిత్స చేయొచ్చు. పన్ను తీయాల్సిన అవసరం తప్పిపోయే అవకాశం కూడా ఉంటుంది. ఎదుగుదల ఆగిపోయాక ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు మిగిలేవి రెండే. పళ్లు జరిపి లోపాన్ని కప్పిపుచ్చడం, లేదంటే దవడకు ఆపరేషన్.

అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం 7 ఏళ్లకే ఒకసారి చూపించమంటుంది. అప్పుడే క్లిప్పులు వేయమని కాదు, ఒక్కసారి చూపించమని. నోటితో గాలి పీల్చే పిల్లలు, వేలు చీకే పిల్లలు, పాలపళ్లు ముందే ఊడిపోయిన పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఇక పెళ్లి కుదిరాక వచ్చి “మూడు నెలల్లో అయిపోవాలి” అంటే కష్టం. క్లిప్పుల చికిత్సకు సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. తొందరపెడితే కొందరు పళ్లను అరగదీసి క్యాప్‌లు వేయించుకునే దారి పడతారు. ఒకసారి అరగదీసిన పన్ను మళ్లీ రాదు. ఆరోగ్యంగా ఉన్న పన్నును పెళ్లి తేదీ కోసం కోసుకోవాలా అన్నది ఇంట్లో కూర్చుని ఆలోచించాల్సిన విషయం.

దూరం కూడా చికిత్సలో భాగమే

క్లిప్పులు వేశాక నాలుగు నుంచి ఆరు వారాలకోసారి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్లకు పైనే. ఇచ్ఛాపురం, పలాస వైపు నుంచి వచ్చేవాళ్లకు ప్రతిసారీ ఒక రోజు పోయినట్టే. శ్రీకాకుళం దగ్గర చాపురంలో శ్రీసాయి డెంటల్ కాలేజీ ఉంది. విజయనగరం వైపు వాళ్లకు తగరపువలస దాటగానే సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ, విశాఖ రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ ఉన్నాయి. దగ్గర్లో ఎక్కడ వీలుంటే అక్కడ మొదలుపెట్టడం నయం.

పై చదువులకు, పనులకు హైదరాబాద్, చెన్నై వెళ్లిపోయే పిల్లలు మన జిల్లాల్లో చాలామంది. పన్ను తీశాక, ఆ సందు మూసుకోకముందే చికిత్స ఆగిపోతే పళ్లు ఎటుబడితే అటు వాలిపోతాయి. ఊరు మారే అవకాశం ఉంటే ముందే చెప్పాలి. ఎక్స్‌రేలు, ఫొటోలు, ప్లాన్ కాగితం కాపీలు తీసుకుని దాచుకోవాలి. కొత్త డాక్టర్‌కు అవే ఆధారం. క్లిప్పులు తీశాక రిటైనర్ పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ పాత దారి పడతాయని కూడా గుర్తుంచుకోవాలి.

పన్ను తీయించే ముందు ఈ ప్రశ్నలు అడగండి

- మా పిల్ల సమస్య పళ్లదా, దవడదా, పెదవిదా?
- పక్క ఎక్స్‌రే, ఫొటోలు తీశారా? వాటిలో ఏం కనిపించిందో మాకు చూపిస్తారా?
- పన్ను తీస్తే పక్కనుంచి చూసినప్పుడు ముఖం ఎలా మారొచ్చు? తీయకపోతే ఎలా ఉంటుంది?
- వేరే దారి ఉందా? అసలు చికిత్సే చేయించకపోతే ఆరోగ్యానికి నష్టం ఏమిటి?
- ఎన్నాళ్లు పడుతుంది, ఎన్నిసార్లు రావాలి, రిటైనర్ ఎన్నాళ్లు పెట్టుకోవాలి?

ఇవన్నీ అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అన్న మొహమాటం అక్కర్లేదు. చికిత్స గురించి, దానివల్ల వచ్చే ఇబ్బందుల గురించి, వేరే దారుల గురించి పేషెంట్‌కు చెప్పి ఒప్పుకోలు తీసుకోవాల్సిందేనని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అది వేరే ఆపరేషన్‌కు సంబంధించిన కేసే అయినా, సూత్రం పంటికీ వర్తిస్తుంది.

చివరిగా ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పదిహేనేళ్ల పిల్లకు క్లిప్పులు వేయిస్తే సంతకం పెట్టేది నాన్న, డబ్బు కట్టేది అమ్మా నాన్నా, మాట అన్నది పెళ్లివారో పక్కింటివారో. రెండేళ్లు నోట్లో తీగలు భరించేది, ఆ తర్వాత రోజూ అద్దంలో ఆ ముఖం చూసుకునేది మాత్రం ఆ పిల్ల. డాక్టర్ దగ్గరికి బయల్దేరే ముందు ఆమెను కూర్చోబెట్టి ఒక్కమాట అడగండి.. “అమ్మా, నీ నవ్వులో నీకు ఏం నచ్చలేదు?” ఆమె “ఏమీ లేదు, నాకు బాగానే ఉంది” అంటే, ఆ జవాబును కూడా డాక్టర్‌కు చెప్పండి. చికిత్స ప్లాన్‌లో అది కూడా ఎక్స్‌రే అంత ముఖ్యమైనదే.